చెవిని నమ్ముకున్న పని, చప్పుడు లేని బండి

పోయిన నెలలో ఇద్దరు ఆడపిల్లలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. బండ్ల రిపేరు కోర్సులో కొత్తగా చేరారట. నారాయణఖేడ్‌లో ఒక ఆడమనిషి ముప్పై ఏళ్ళకు పైగా జీపులు బాగు చేసిందని ఎవరో చెబితే చూసి పోదామని వచ్చారు. చాయ్ తాగుతుండగా ఒకామె ఫోన్ తీసి వీడియో చూపించింది. ఎక్కడో విదేశంలో పొడుగాటి ఎర్ర కారు. టైర్ల నుంచి పొగలు. ఫోన్ చిన్నదైనా ఆ ఇంజిన్ గర్జనకు మా వాకిట్లో పడుకున్న కుక్క లేచి నిలబడింది. పక్కనే ఒక కరెంటు కారు, ఉలుకూ పలుకూ లేకుండా.

"అమ్మా, గీ కరెంటు బండి గా పెట్రోల్ బండి జాగల నిలవడ్తదా? నువ్వేమంటవ్?"

ఇంతకు ముందు ఒకసారి ఇదే ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి తప్పు చేశాను. అందుకే రాసి పంపుతానన్నాను. ఇన్నేళ్ళు నా చేతికి పని ఇచ్చి, ఆ పనిలో వేళ్ళన్నీ మిగిల్చిన సంగమేశ్వరుడికి దండం పెట్టుకుని రాస్తున్నాను. శాలువాలు ఎవరు కప్పారు, షెడ్డు ఎప్పుడు పెద్దదైంది అన్నవి రాయను. వాటితో మీకు పని లేదు.

చెవి

నేను బడికి పోలేదు. మా నాన్న భజనల పుస్తకం ముందు పెట్టి, మనూర్‌లో మా ఇంటి అరుగు మీద అక్షరాలు నేర్పాడు. పని నేర్పింది మా ఆయన. అదీ ఇంట్లోనే. ముందు గదికి రేకులు దించితే అదే మా షెడ్డు. కూర పొయ్యి మీద పెట్టి వచ్చి పానాలు అందించేదాన్ని. అందిస్తూ అందిస్తూ ఏ బోల్టుకు ఏ పానా పడుతుందో ఆయన అడగకముందే తెలిసిపోయింది.

ఒకరోజు ఆయన నన్ను రోడ్డుకు వీపు పెట్టి నిలబడమన్నాడు. "వెనక పోతున్న జీపు ఎవలది?" అన్నాడు. నాకేం తెలుసు? నవ్వాను. ఆయన నవ్వలేదు. నెల రోజులు రోజూ అట్లాగే నిలబెట్టాడు. తర్వాత చెప్పగలిగాను. ఇది సిర్గాపూర్ జీపు, మూడో సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదు. ఇది కంగ్టి జీపు, వాల్వులు వదులయ్యాయి. అని చూడకుండానే.

ఆయన దగ్గర మరలు తిప్పే పొడుగాటి పేచ్‌కస్ ఒకటి ఉండేది. దాని మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవి ముందున్న ఎముకకు ఆనించి వినాలి. డాక్టరు గొట్టం పెట్టి వింటాడే, అట్లా. లోపల ఏ భాగం నొచ్చుకుంటున్నదో అది చెబుతుంది. నేను ఒకసారి వినకుండానే, పొగ రంగు చూసి "రింగులు పోయినయ్" అన్నాను. ఆయన పానా కింద పెట్టేశాడు.

"ఇన్నవా?"

"లే."

"మరి ఎట్ల చెప్పినవ్? ఇనకుంట చెప్పెటోళ్లు ఊర్ల శానా మంది ఉన్నరు. నువ్వు గూడ ఎందుకు?"

నాకు పై అధికారి అంటే ఆయనే. కోపంగా అన్న మాటలు అంతకు మించి లేవు. ఆయన పోయాక షెడ్డు మూసేయమన్నారు అందరూ. పదకొండో రోజు దాటాక నేను ఆ పేచ్‌కస్‌కు పసుపు, కుంకుమ పెట్టి షెడ్డు తెరిచాను. మొదట వచ్చిన బండి కంగ్టి బసప్పన్న జీపు. ఆడమనిషి చేతికి బండి ఇవ్వాలా వద్దా అని ఖేడ్ అంతా ఆలోచిస్తున్న రోజుల్లో, ఆయన తాళం చెవి నా ముందు పెట్టి "చాయ్ తాగొస్త చెల్లె" అని వెళ్ళిపోయాడు. ఆ మేలు నేను మరువను.

గొంతు పిసికిన రోజు

బసప్పన్నది పప్పుల వ్యాపారం. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. ఆయన జీపు పాతకాలపు పెట్రోల్ జీపు, నాలుగు పెద్ద సిలిండర్లు. మీరు చూపించిన ఎర్ర కారు మా దగ్గర లేదు కానీ, మా ప్రాంతానికి అదే ఆ కారు. సైలెన్సర్ ఎప్పుడో పగిలింది. స్టార్ట్ చేస్తే రెండు మైళ్ళ దాకా వినిపించేది. వానలు పడి నల్లరేగడి కాళ్ళకు పట్టుకున్నప్పుడు, తండాల్లోకి వేరే బండి ఏదీ పోయేది కాదు. కాన్పు కష్టమైన ఆడవాళ్ళను ఖేడ్ దవాఖానకు తెచ్చేది ఆయనే. ఏనాడూ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. "పప్పు మూటలు మోస్తలేనా, గిది గూడ గంతే" అనేవాడు.

ఒకసారి ఆ జీపు క్లచ్ పని కోసం వచ్చింది. క్లచ్ చేశాక నాకు ఆయన మీద భక్తి పొంగింది. ఆయన అడగలేదు, నేనే పగిలిన సైలెన్సర్ తీసి కొత్తది బిగించాను. జీపు ఎంత మెత్తగా పలికిందో. ఆయనను సంతోషపెట్టానని పొంగిపోయాను.

నాలుగు రోజులకు ఆయన వచ్చాడు. జీపు దిగలేదు.

"ఏంది చెల్లె, నా బండి గొంతు పిసికినవ్?"

"సైలెన్సర్ పలిగింది గదన్నా. మంచిగ చేసిన."

"మంచిగ చేసినవా? ఇను."

జరిగింది ఇది. రెండు రోజుల ముందు, వాన పడుతున్న పొద్దున తండా నుంచి ఒకతను సైకిల్ మీద కంగ్టి వచ్చాడు, భార్యకు నొప్పులని. పేరు తులసీబాయి. బసప్పన్న అతన్ని, అతని సైకిల్‌ను జీపులో వేసుకుని బయలుదేరాడు. అక్కడ తండాలో ఇంటివాళ్ళు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆ జీపు గుట్ట అవతల ఉండగానే వినిపిస్తుంది. వినిపిస్తే ఇంకో పావుగంటలో ఇంటి ముందుంటుంది. వాళ్ళ లెక్క అది. ఆ రోజు ఏమీ వినిపించలేదు. వానకు జీపు రావడం లేదనుకున్నారు. ఎడ్లబండి కట్టి తులసీబాయిని పడుకోబెట్టి చేల మధ్య బండ్ల బాటన బయలుదేరారు. జీపు రోడ్డు మీదుగా చేరేసరికి ఇంటికి తాళం.

ఆ ఎడ్లబండిని వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నం దాటింది. తల్లీబిడ్డా దక్కారు. కానీ బిడ్డ మూడు రోజులు దవాఖానలో కళ్ళు తెరవలేదు.

"ఆడోళ్లు గా సప్పుడు ఇని పానం గట్టి చేస్కుంటరు చెల్లె," అన్నాడు బసప్పన్న, ఈసారి మెల్లగా. "అది బండి సప్పుడు గాదు. వస్తున్న వస్తున్న అని చెప్పుడు."

ఆ మధ్యాహ్నమే నేను కొత్త సైలెన్సర్ విప్పి, పగిలినదే మళ్ళీ బిగించాను. దవాఖానకు పోయి తులసీబాయి మంచం పక్కన నిలబడి తప్పు నాదని చెప్పాను. ఆమెకు సైలెన్సర్ అంటే ఏమిటో తెలియదు. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు జీపు బాగు చేశే అక్కవా? మంచిది, కూసో" అంది. నేను ఆ గదిలోనే మూల నిలబడి ఏడ్చాను. ఆ బిడ్డ కళ్ళు తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టాను.

ఎవరూ అడగని దాన్ని బాగు చేయకండి పిల్లలూ. చెడిపోయినట్టు కనిపించేది ఎవరికో ఏదో పని చేస్తూ ఉండవచ్చు. ముందు అడగండి.

ఇంకో మాట కూడా ఆ రోజుల్లోదే. పాత సైలెన్సర్ బిగించాక బసప్పన్న సంతోషంగా ఒకసారి ఇంజిన్ లేపి విన్నాడు. తర్వాత ఆపి, "ఒక్కటే బాధ" అన్నాడు. "దీంట్ల ఎంతమంది పుట్టిన్రో. ఒక్కరి ఏడ్పు గూడ నేను ఇనలే. ముసలమ్మ వెనక నుంచి నా భుజం మీద కొడ్తది, అప్పుడు తెలుస్తది పుట్టిన్రని." మాటవరసకు అన్నట్టు అని వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ మాట ఎక్కడో ఉండిపోయింది.

వినకుండా చెప్పిన మాట

ఇక ఈ మధ్య సంగతి. బసప్పన్నకు వయసు మీద పడింది. కుడి చెవి సరిగ్గా వినపడదు. అంతకాలం ఆ ఇంజిన్ పక్కన కూర్చుంటే మరి. నాకూ ఎడమ చెవి మందగించింది, మోకాళ్ళు వంగడం లేదు. షెడ్డు వేరేవాళ్ళకు అప్పజెప్పేశాను. జీపు నడిపే పని ఆయన కోడలు శారద చేతికి వచ్చింది. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తగా పని చేస్తుంది. ఇప్పుడు సర్కారు అంబులెన్స్ వస్తుంది, కానీ కొన్ని తండాలకు రోడ్డు దాకానే. అది వచ్చేలోపు కావలసిన పని ఇంకా ఆ ఇంటి మీదే ఉంది.

జీపుకు ఫిట్‌నెస్ కాగితం ఇక ఇచ్చేది లేదన్నారు ఆఫీసువాళ్ళు. ఇంజిన్ లోపల పగులు పట్టింది. శారద తమ్ముడు పట్నంలో నడిపే కరెంటు కారు ఒకటి, నచ్చితే ఉంచుకోమని దసరాకు తెచ్చి వదిలి వెళ్ళాడు. బసప్పన్న నన్ను పిలిపించాడు.

వాకిట్లో రెండూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఆయన జీపు మడ్‌గార్డ్ మీద చెయ్యి వేసి అడిగాడు.

"సీదా చెప్పు చెల్లె. అవతల ఆడిబిడ్డ పానం ఉంటది. వాన పడ్తే వాగు ఎక్కుడు ఎక్కుతదా గది? ఎక్కదంటే చెప్పు, గీ జీపునే ఏదో తిప్పలు వడి నడిపిద్దం. ఎక్కుతదంటే జీపు ఇచ్చేస్త. నీ మాటే నా మాట."

నేను జీపు వైపు చూశాను. మా ఆయన పోయాక ఒంటరిగా విప్పి, ఒంటరిగా బిగించిన మొదటి ఇంజిన్ అది.

"ఎక్కదన్నా," అన్నాను. "ఆటబొమ్మ తీర్గ ఉంది. గంత బురదల గదేం గుంజుతది?"

బసప్పన్న ముఖం వెలిగింది. శారద ముఖం మాడింది. ఆమె నోరు మెత్తని పిల్ల కాదు.

"అత్తా, కూసొని చూసినవా?"

"ఎందుకు చూడాలె? ముప్పై ఏండ్లు ఇంజిన్లు..."

"దాంట్ల ఇంజినే లేదత్తా. కూసోకుంట, ఇనకుంట ఎట్ల చెప్పినవ్?"

మా ఆయన మాట, అక్షరం పొల్లు పోకుండా, కంగ్టి వాకిట్లో ఇంకొకరి నోట విన్నాను. సిగ్గేసింది. నేను ఆ కారు గురించి చెప్పలేదు. జీపు మీద నాకున్న ప్రేమ గురించి చెప్పాను. అవతల ఆడపిల్ల ప్రాణం ఉందని ఆయన అన్న తర్వాత కూడా.

"తప్పైంది బిడ్డా," అన్నాను. "పూజ చేసి ఎక్కుదం, పా."

నిమ్మకాయ

కొత్త బండికి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మన ఆచారం. ఆ పని ఎన్ని వందల బండ్లకు చేశానో. శారద లోపల కూర్చుంది. నేను ముందు చక్రం దగ్గర నడుం వంచి నిమ్మకాయ సర్దుతున్నాను. నా చెవికి ఏమీ వినిపించడం లేదు. చప్పుడు లేదంటే బండి బంద్ ఉన్నట్టు. బతుకంతా నా చెయ్యికి తెలిసిన సూత్రం అదొక్కటే.

బండి బంద్ లేదు. శారద బ్రేకు మీద కాలు తీసింది. కారు పిల్లిలా ఒక జానెడు ముందుకు జరిగింది. నిమ్మకాయ చితికింది, దానితోపాటు నా చూపుడువేలి కొన.

శారద అరిచిన అరుపుకు ఊరంతా వచ్చింది. వేలికి గుడ్డ కడుతూ బసప్పన్న అన్నాడు, "నేనేమో గది కుక్కపిల్ల అనుకున్న. కరుస్తది గూడనా?"

నొప్పిలోనూ నవ్వొచ్చింది. గోరు ఊడి మళ్ళీ వచ్చింది, కొంచెం వంకరగా.

వాగు ఎక్కుడు

మూడు రోజుల తర్వాత, వాన పడి వెలిసిన పొద్దున, ముగ్గురం ఆ కారులో వాగు దగ్గరికి పోయాం. నేను నా పాత పేచ్‌కస్ తెచ్చుకున్నాను. శారద నవ్వింది.

వాగులోంచి ఒడ్డు మీదికి ఎక్కే ఆ ఎక్కుడు మీద జీపుకు ఒక పద్ధతి ఉండేది. కింద నుంచే ఇంజిన్‌ను గట్టిగా లేపాలి, గర్జిస్తూ పరుగెత్తించాలి, మధ్యలో గేరు మార్చావా చచ్చావే. మొదటిసారి శారద కారును కూడా అట్లాగే తొక్కింది. చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరిగి బురద చిమ్మాయి. వెనుక సీటులో ఉన్న బసప్పన్న గొంతు సవరించుకున్నాడు.

నేను బాగున్న చెవితో విన్నాను. లోపల సన్నటి ఈల ఒకటి ఉంది. దానికీ గొంతు ఉంది, దగ్గరికి పోయిన వాళ్ళకే వినిపిస్తుంది. శారద పాదం పడగానే ఆ ఈల ఒక్కసారిగా చివరి దాకా లేస్తున్నది. అంటే ఈ బండికి బలం కూడగట్టుకునే పని లేదు. మొత్తం బలం మొదటి అడుగులోనే ఉంది. దానికి కావలసింది పరుగు కాదు, ఓపిక.

"మెల్లగ బిడ్డా. గుడ్ల మీద కాలు పెట్టినట్టు పెట్టు."

మెల్లగా పెట్టింది. కారు ఎక్కింది. గర్జన లేదు, కుదుపు లేదు. ఒడ్డు మీదికి వచ్చి నిలబడ్డాక కూడా మేము ఎక్కామని బసప్పన్నకు తెలియలేదు.

"హౌదా? నిజంగనే ఎక్కినమా?"

ఉన్నదున్నట్టు చెప్పాను ఆయనకు. బలానికి ఇది జీపుకు తీసిపోదు. కానీ కింది భాగం నేలకు దగ్గరగా ఉంది, లోతైన గాడిలో పొట్ట తగులుతుంది. నిండు వాగులో దించకూడదు. పెట్రోలు అయితే డబ్బాలో పట్టుకుపోతాం, కరెంటును అట్లా పట్టుకుపోలేం. రోజూ ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవాలి, మరిచిపోతే అది ఆడబిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. ఇక చప్పుడు. తులసీబాయి సంగతి ముగ్గురికీ గుర్తే. ఫోన్ కలవని తండాలు ఇంకా ఉన్నాయి. గుట్ట మలుపు దగ్గర మూడు పొడుగు హారన్లు కొట్టాలని అనుకున్నాం. శారద ఇంటింటికీ పోయి చెప్పి వచ్చింది.

బసప్పన్న అన్నీ విని తల ఊపాడు. కానీ జీపు తాళం చెవి ఆయన బనియన్ జేబులోనే ఉంది. రోజూ పొద్దున లేచి జీపు స్టార్ట్ చేసి ఒక నిమిషం విని బంద్ చేసేవాడు. "మల్ల ఎప్పుడన్న అక్కరొస్తె?" అనేవాడు. నేను బలవంతం చేయలేదు. ఒకసారి తొందరపడ్డాను, చాలు.

మీకు చెప్పేది

తాళం చెవి మీ కొంగున కట్టుకున్నాకనే చక్రం కింద చెయ్యి పెట్టండి. కరెంటు బండి లోపల నారింజ రంగు తీగలుంటాయి, పూర్తిగా నేర్చుకోకుండా వాటి జోలికి పోకండి. పెట్రోల్ బండిలో తప్పు చేస్తే చెయ్యి కాలుతుంది, ఇందులో తప్పు చేస్తే మనిషే మిగలడు. పాత బండ్లను ప్రేమించండి, తప్పు లేదు. ఎవరైనా సలహా అడిగినప్పుడు మాత్రం ఆ ప్రేమను పక్కన పెట్టి వినండి. చెవితో పని అయిపోయిందని మీ సార్లు ఎవరైనా అంటే నమ్మకండి. ఇప్పుడు ఇంకా దగ్గరికి పోయి వినాలి, అంతే తేడా.

ఏడుపు

సంక్రాంతి దాటాక ఒక పొద్దున బసప్పన్న ఇంట్లో భోజనానికి పిలిస్తే వెళ్ళాను. ఇంకా విస్తర్లు వేయలేదు, ఫోన్ వచ్చింది. తులసీబాయి. ఆ తులసీబాయే. కోడలికి నొప్పులు, అంబులెన్స్ ఇంకో వైపు పోయిందట. శారద లేచింది. నేను లేచాను. బసప్పన్న కర్ర పట్టుకుని వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. కారులోకి ఎక్కే ముందు జీపు వైపు ఒకసారి చూశాడు.

మలుపు దగ్గర మూడు హారన్లు. తులసీబాయి కోడలిని పట్టుకుని ఇంటి ముందరే నిలబడి ఉంది. నేను వెనుక సీటులో వాళ్ళకు చోటిచ్చి ఒక మూలకు ఒదిగాను. కారు కదిలింది. ఆ పిల్ల మూలుగు, తులసీబాయి "అయిపాయె బిడ్డా, అయిపాయె" అనడం, అన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి. శారద ముందు నుంచే మామూలు గొంతుతో ఊపిరి ఎట్లా తీయాలో చెబుతోంది. ఆ జీపులో అయితే అరిచినా వినపడేది కాదు. గుంత వస్తే ఆ పిల్ల మూలుగును బట్టి శారద వేగం తగ్గిస్తోంది.

ఖేడ్ ఇంకా కొంత దూరం ఉందనగా శారద ఒక్కసారిగా బండి పక్కకు తీసి దిగి వెనక్కి వచ్చింది. నేను దేవుణ్ణి తలుచుకుంటూ ఆ పిల్ల తల పట్టుకున్నాను. బయట కందిచేను.

అప్పుడు ఏడ్చింది, పుట్టిన పసిది. చిన్నగా మొదలుపెట్టి, కారు నిండా.

ముందు సీటులో బసప్పన్న వెనక్కి తిరగలేదు. బాగున్న ఎడమ చెవి మా వైపు తిప్పి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. దవాఖాన దాకా ఆ పసిది ఏడుస్తూనే ఉంది. ఒక్కసారి ఆగితే, "ఏడ్వనీ, ఏడ్వనీ" అన్నాడు.

వాళ్ళను లోపలికి పంపాక, దవాఖాన ముందు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం.

"ఆడపిల్ల," అన్నాను.

"తెలిసింది. గొంతు ఇన్న గద."

బనియన్ జేబులో చెయ్యి పెట్టి జీపు తాళం చెవి తీశాడు. దాన్ని అరచేతిలో కాసేపు చూసుకుని నా చేతిలో పెట్టాడు.

"ఇంజిన్ నువ్వే ఇప్పి దించు చెల్లె. వేరెటోళ్లను ముట్టనియ్యకు."

నేను ఆ తాళం చెవి కళ్ళకు అద్దుకుని కొంగున ముడి వేసుకున్నాను.